పేరుమోసిన తుపాకీ.. పేరు దక్కని మోసిన్

పబ్జీ ఆడేవాళ్లకి మోసిన్ నాగాంట్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. తూటా తూటాకీ బోల్టు వెనక్కి లాగి, ముందుకి తోసి పేల్చాల్సిన పాతకాలపు రైఫిల్ అది. గేమ్స్ ఆడని వాళ్లు కూడా, స్టాలిన్‌గ్రాడ్ యుద్ధం మీద 2001లో వచ్చిన ‘ఎనిమీ ఎట్ ద గేట్స్’ సినిమాలో హీరో చేతిలో చూసే ఉంటారు. స్క్రీన్ మీద కనిపించే ఆ రెండు పేర్లలో మొదటిది ఒక ఇంజినీరుది. విచిత్రం ఏంటంటే, ఆయన బతికున్నన్నాళ్లూ ఆ తుపాకీ అధికారిక పేరులో ఆ పేరు లేనే లేదు.

అందుకే ఈ కథని చివరి నుంచి మొదలుపెడదాం. అంటే అమెరికాలోని ఓ పాత తుపాకుల దుకాణం నుంచి.

వంద డాలర్లలోపే ఓ చరిత్ర

1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది. రష్యా, ఉక్రెయిన్ గోదాముల్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి రైఫిళ్లు లక్షల్లో మిగిలిపోయాయి. తుప్పు పట్టకుండా వాటికి కాస్మోలిన్ అనే చిక్కటి గ్రీజు పూసి, చెక్కపెట్టెల్లో పేర్చి దాచారు. సైన్యానికి అక్కర్లేని ఇలాంటి సరుకునే మిలిటరీ సర్‌ప్లస్ అంటారు. ఆ పెట్టెలు ఓడలెక్కి అమెరికా చేరాయి. 2000 తర్వాత కొన్నేళ్లపాటు ఒక్కో మోసిన్ రైఫిల్ వంద డాలర్లలోపే దొరికేది. జేబులో పెద్దగా డబ్బుల్లేని కుర్రాళ్లు కొనే మొదటి చారిత్రక రైఫిల్ చాలాసార్లు ఇదే అయ్యేది. తర్వాత దిగుమతులు ఆగిపోయి ధరలు కొన్ని రెట్లు పెరిగాయి.

ఇక్కడో మాట. మన దేశంలో ఇలాంటి సైనిక రైఫిళ్లను మామూలు పౌరులు కొనుక్కోవడం కుదరదు. అమెరికాలో ఉన్న మన విద్యార్థులు, ఉద్యోగులు కూడా జాగ్రత్త. ఎఫ్1, హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్నే ఉన్నాయి. ఫ్రెండు కొన్నాడు కదా అని సరదా పడితే కెరియరే గల్లంతవుతుంది. మనం ఈ రైఫిల్‌ని కొనడానికి కాదు, చదవడానికి వచ్చాం.

అవును, చదవడానికే. పాత రైఫిల్ కొనేవాళ్లు ముందు చేసే పని అదే. బారెల్ మొదట్లో, బోల్టు దగ్గర ఉన్న ఉక్కు మీద ముద్రలుంటాయి. నక్షత్రంలో బాణం ఉంటే తులా ఫ్యాక్టరీ. త్రికోణంలో బాణం ఉంటే ఇజెవ్‌స్క్ ఫ్యాక్టరీ. పక్కనే తయారైన సంవత్సరం. చతురస్రం గీసి లోపల SA లాంటి రెండు రోమన్ అక్షరాలు, అంటే ఎస్, ఏ కనిపిస్తే అది కొన్నాళ్లు ఫిన్లాండ్ సైన్యం చేతిలో ఉందని అర్థం. అమెరికా కంపెనీ రెమింగ్టన్ పేరుంటే మొదటి ప్రపంచ యుద్ధంలో జార్ ప్రభుత్వం ఆర్డరిచ్చిన సరుకన్నమాట. ఆ యుద్ధంలో రష్యా సొంత ఫ్యాక్టరీలు చాలక అమెరికాలో చేయించుకుంది. విప్లవం తర్వాత ఆర్డర్లు రద్దయి, ఆ రైఫిళ్లు లక్షల్లో అమెరికాలోనే ఉండిపోయాయి.

ముద్రలు ఒక్కటే కాదు, ఆకారం కూడా మాట్లాడుతుంది. బోల్టు కూర్చునే రిసీవర్ పైభాగం పలకలు పలకలుగా ఉంటే పాతది. గుండ్రంగా ఉంటే 1930ల మధ్య నుంచి వచ్చిన, త్వరగా తయారయ్యే రకం. పొడవు సుమారు 123 సెంటీమీటర్లుంటే 91/30 మోడల్. పొట్టిగా ఉండి, బారెల్ పక్కకి మడిచే బాయ్‌నెట్ ఉంటే 1944 కార్బైన్ అయ్యే అవకాశం ఎక్కువ.

తర్వాత నంబర్లు. బారెల్, బోల్టు, మ్యాగజైన్ అడుగు రేకు, మడమ రేకు.. అన్నిటి మీదా ఒకే నంబరుండాలి. పాత అంకెల్ని అడ్డంగా కొట్టేసి కొత్తవి వేశారంటే, యుద్ధం తర్వాత విడిభాగాలు కలిపి బాగు చేశారని తెలుస్తుంది. చివరగా బారెల్ లోపలికి లైటు వేసి చూస్తారు. అప్పటి తూటాల్లో వాడిన రసాయనం పేలాక ఉప్పులాంటి పదార్థాన్ని వదిలేది. అది గాల్లో తేమ లాక్కుని ఉక్కుని తినేస్తుంది. వాడిన సైనికుడు ఆ రోజే నీళ్లతో కడిగాడా లేదా అన్నది ఎనభై ఏళ్ల తర్వాత కూడా లోపలి గాళ్లలో కనిపిస్తుంది. ఇన్ని చూసినా, నిపుణుడైన గన్‌స్మిత్ గేజ్ పెట్టి పరీక్షించకుండా పేల్చకూడదు.

ఇలా చూస్తే ఒక్క రైఫిల్ మీద ఎంత సమాచారమో చూడండి. ఎక్కడ పుట్టింది, ఎప్పుడు పుట్టింది, ఎవరి చేతులు మారింది, ఎవరు బాగు చేశారు.. అన్నీ ఉన్నాయి. డిజైన్ చేసినవాడి పేరు తప్ప. ఆ పేరే సెర్గీ ఇవానోవిచ్ మోసిన్.

చక్కెర ఊరి కుర్రాడు

మోసిన్ 1849లో రష్యాలోని వొరోనెజ్ ప్రాంతంలో, రమోన్ అనే ఊళ్లో పుట్టాడు. చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊరది. నాన్న సైన్యంలో చిన్న ఆఫీసరుగా చేసి రిటైరై, ఓ జమీందారు ఎస్టేట్‌లో ఉద్యోగం చూసుకున్నవాడు. అమ్మ చిన్నప్పుడే పోయింది. ఆస్తుల్లేని ఇంట్లో పిల్లాడు పైకి రావాలంటే అప్పట్లో దగ్గరి దారి సైనిక పాఠశాల. పన్నెండో ఏట కేడెట్‌గా చేర్పించారు. లెక్కల్లో దిట్ట. అక్కడి నుంచి ఫిరంగి దళం వైపు, ఆపైన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని మిఖాయిలోవ్‌స్కీ ఆర్టిలరీ అకాడమీకి వెళ్లాడు. 1875లో చదువు ముగించి తులా ఆయుధ కర్మాగారంలో చేరాడు. ఇవాళ్టి మన భాషలో చెప్పాలంటే కోర్ బ్రాంచి చదివి, సర్కారీ ఫ్యాక్టరీలో మెకానికల్ ఇంజినీరుగా కుదిరాడన్నమాట.

కొన్నేళ్లకే పరికరాలు తయారుచేసే వర్క్‌షాపు బాధ్యత చేతికొచ్చింది. ఈ పని చూడ్డానికి గొప్పగా ఉండదు. కానీ ఏ భాగం తయారీకి ఎంత సమయం పడుతుంది, ఎక్కడ అరుగుతుంది, మామూలు పనివాడి చేత ఏది చేయించగలం అన్నవి అక్కడే తెలుస్తాయి. తర్వాత ఆయన్ని గట్టెక్కించింది ఈ అనుభవమే.

అప్పట్లో రష్యా సైన్యం వాడే బెర్డాన్ రైఫిల్‌లో ఒకసారికి ఒకే తూటా పట్టేది. 1877లో టర్కీతో యుద్ధంలో, ప్లెవ్నా దగ్గర తుర్కు సైనికులు వించెస్టర్ రైఫిళ్లతో వరసగా కాలుస్తుంటే రష్యన్లు కుప్పలుగా పడిపోయారు. ఆ దెబ్బకి అందరికీ తెలిసొచ్చింది, ఇక మ్యాగజైన్ ఉన్న రైఫిల్ తప్పదని. మోసిన్ బెర్డాన్ రైఫిల్ మడమలోనే తూటాలు వరసగా ఉండే ఏర్పాటు ఒకటి రూపొందించాడు. 1885లో పోటీకొచ్చిన డిజైన్లలో అదే మేలనిపించి, పరీక్ష కోసం వెయ్యి రైఫిళ్లు చేయమన్నారు. ఈ సంగతి దేశం దాటింది. ఓ ఫ్రెంచి కంపెనీ ఆ మ్యాగజైన్‌ని తమ దేశపు రైఫిల్‌కి వాడుకుంటామని, 6 లక్షల ఫ్రాంకులు ఇస్తామని కబురు పెట్టింది. మోసిన్ వద్దన్నాడు.

ఆ మొత్తం ఆయనకి అక్కర్లేదా అంటే, చాలా అక్కరే ఉంది.

ప్రేమ ఖరీదు 50 వేలు

తులా దగ్గర అర్సేనియెవ్ అనే కులీనుడి ఎస్టేట్‌కి మోసిన్ వెళ్లివస్తుండేవాడు. ఆ ఇంటి ఇల్లాలు వార్వారా. భర్త ఎక్కువగా రాజధానిలోనే గడిపేవాడు. మోసిన్, వార్వారా ప్రేమలో పడ్డారు. దాచుకోలేదు. మోసిన్ నేరుగా భర్తనే ద్వంద్వ యుద్ధానికి పిలిచాడు. ఆయన యుద్ధానికి రాకుండా పైఅధికారులకి ఫిర్యాదు చేశాడు. మోసిన్‌కి గృహ నిర్బంధం శిక్ష పడింది. ఆనాటి రష్యాలో విడాకులు చర్చి చేతిలో ఉండేవి, అంత తేలిగ్గా వచ్చేవి కావు. చివరికి విడాకులకి ఒప్పుకోవాలంటే 50 వేల రూబుళ్లు ఇవ్వాలని భర్త షరతు పెట్టాడు. జీతం మీద బతికే ఆఫీసరు కలలో కూడా చూడని సొమ్ము.

ఫ్రెంచి కంపెనీ ఇస్తానన్నది అంతకంటే ఎంతో పెద్ద మొత్తం. ఒక్క సంతకంతో తీరిపోయే కష్టం. అయినా దేశం కోసం చేసిన పనిని పరాయి దేశానికి అమ్మడానికి ఆయన మనసొప్పలేదు. ఇది మంచి నిర్ణయమా, మొండితనమా అన్నది మీ లెక్క. ఆయన మాత్రం ఏళ్ల తరబడి ఎదురుచూడ్డానికే సిద్ధపడ్డాడు.

ఇంతలో 1886లో ఫ్రాన్స్ పొగ రాని మందుతో పేలే లెబెల్ రైఫిల్ తెచ్చింది. చిన్న తూటా, ఎక్కువ వేగం, కంటికి పొగ అడ్డు రాదు. ఒక్కదెబ్బకి ప్రపంచంలోని రైఫిళ్లన్నీ పాతబడ్డాయి. మోసిన్ మడమ మ్యాగజైన్ కూడా. కష్టపడి నేర్చుకున్న టెక్నాలజీ రాత్రికి రాత్రి అవుట్‌డేట్ అయితే ఎలా ఉంటుందో మన తరానికి తెలుసు కదా! మోసిన్ మళ్లీ తెల్లకాగితం ముందేసుకుని కూర్చున్నాడు.

ఒక చిన్న ఉక్కు ముక్క

కొత్త రైఫిల్ బోరు మూడు లైన్లని తేల్చారు. లైన్ అంటే అంగుళంలో పదో వంతు, 2.54 మిల్లీమీటర్లు. మూడు లైన్లంటే 7.62. ఇప్పటికీ వినిపించే ఆ అంకె రష్యాకి వచ్చింది ఇలాగే.

పెద్ద చిక్కు తూటాతో వచ్చింది. దాని అడుగున అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఇలాంటి తూటాల్ని ఒకదాని మీద ఒకటి పేరిస్తే అంచులు ఒకదానికొకటి తగులుకుంటాయి. లేదంటే ఒకేసారి రెండు పైకొచ్చి ఇరుక్కుంటాయి. యుద్ధంలో అలా ఇరుక్కుంటే సైనికుడి పని అయిపోయినట్టే. దీనికి మోసిన్ కనిపెట్టిన మందు ఓ చిన్న ఉక్కు ముక్క. తిరుమల క్యూలో గేటు దగ్గర ఒక బ్యాచ్ లోపలికి వెళ్లేదాకా రెండో బ్యాచ్‌ని ఆపుతారు చూడండి, అచ్చం అలాగే. పై తూటా బారెల్‌లోకి వెళ్లి బోల్టు మూసుకునేదాకా రెండో తూటాని అది కిందే నొక్కిపట్టి ఉంచుతుంది. బోల్టు కూడా అంతే సింపుల్. మొత్తం 7 భాగాలు, స్క్రూడ్రైవర్ లేకుండా చేత్తోనే విప్పొచ్చు. చదువురాని రైతు బిడ్డ మంచులో కూర్చుని శుభ్రం చేసుకోగలగాలి. ఆయన డిజైన్ లెక్క అది.

ఎదుటి పక్షంలో ఉన్నవాడు బెల్జియం ఆయుధ వ్యాపారి లియోన్ నాగాంట్. సొంత ఫ్యాక్టరీ, చేయి తిరిగిన పనివాళ్లు. ఆయన పంపిన రైఫిళ్లు నునుపుగా, అందంగా ఉండేవి. మోసిన్‌వి హడావుడిగా చేసిన మొరటు నమూనాలు. పరీక్షల్లో తూటా ఇరుక్కోవడం లాంటి లోపాలు లెక్కపెడితే మోసిన్‌వి 217, నాగాంట్‌వి 557. అయినా కమిషన్ మొదటి ఓటింగులో 14 మంది నాగాంట్ వైపు, 10 మంది మోసిన్ వైపు నిలిచారు. ఫినిషింగ్ చూసి మురిసిపోవడం అప్పుడూ ఉందన్నమాట. తర్వాత జరిగిన చర్చల్లో లెక్క తిరగబడింది. మోసిన్ రైఫిల్ చౌక, తయారీ తేలిక, ఉన్న యంత్రాల మీదే లక్షల్లో చేయొచ్చు. చివరికి మోసిన్ డిజైన్‌నే మూలంగా తీసుకున్నారు. క్లిప్పుతో తూటాలు నింపే పద్ధతి, మ్యాగజైన్ అడుగు మూతకే స్ప్రింగ్ బిగించడం వంటివి నాగాంట్ నుంచి తీసుకున్నారు. కమిషన్ సభ్యులూ కొన్ని మార్పులు చేశారు.

కొట్టేసిన మాట

1891 ఏప్రిల్‌లో జార్ మూడో అలెగ్జాండర్ ముందుకి ఫైలు వెళ్లింది. ఇందులో చాలామంది చెయ్యి ఉంది కాబట్టి మోసిన్ పేరు పెట్టలేమన్నది యుద్ధ మంత్రిత్వ శాఖ వాదన. రష్యన్ మూడు లైన్ల రైఫిల్ అని రాసి పంపారు. ప్రధాన భాగాలు విదేశీవైతే రష్యన్ అంటే బాగోదనుకున్నారో ఏమో, జార్ ఆ మాట కూడా కొట్టేశాడు. మిగిలింది 1891 మోడల్ మూడు లైన్ల రైఫిల్. ఒక అంకె, ఒక కొలత. అంతే. మిగతా దేశాల్లో రైఫిల్‌కి డిజైనర్ పేరు పెట్టడం మామూలే. మాజర్ అలా వచ్చిందే.

దీనికితోడు ఇంకో దెబ్బ. తూటాని ఆపే ఆ ఉక్కు ముక్క మోసిన్ డిజైన్‌లోది. పేటెంట్‌కి ముందు దరఖాస్తు పెట్టింది నాగాంట్. మోసిన్ సైన్యంలో ఆఫీసరు. ఆయన చేసిన పని ప్రభుత్వానిది, పైగా సైనిక రహస్యం. పేటెంట్ అడిగే వీలే లేదు. గొడవ ముదరకుండా రష్యా ప్రభుత్వం నాగాంట్‌కి 2 లక్షల రూబుళ్లు ఇచ్చి సర్దుకుంది. మోసిన్‌కి దక్కింది 30 వేలు, ఓ పతకం, ఆర్టిలరీ అకాడమీ ఇచ్చే ఓ బహుమతి.

అలాగని నాగాంట్‌ని విలన్ చేయక్కర్లేదు. ఆయన భాగం ఆయనకి ఉంది. తన హక్కులేంటో ఆయనకి తెలుసు, కాగితం మీద రాసిపెట్టుకున్నాడు, అడిగాడు. మోసిన్‌కి అడిగే దారే లేకపోయింది.

ఆ డబ్బు చేతికొచ్చాకే వార్వారా పాత పెళ్లి రద్దయింది. ఇద్దరూ ఒక్కటయ్యారు. కుర్రతనంలో మొదలైన ప్రేమ నలభై దాటాక ఇల్లు చేరింది. 1894లో మోసిన్‌ని సెస్త్రొరెత్స్క్ ఆయుధ కర్మాగారానికి అధిపతిని చేశారు. తన రైఫిళ్లే తయారయ్యే ఫ్యాక్టరీ అది. మేజర్ జనరల్ హోదా వచ్చింది. 1902 ఫిబ్రవరిలో న్యుమోనియా సోకి, పదవిలో ఉండగానే కన్నుమూశాడు. వయసు 52.

రైఫిల్ మాత్రం ఆగలేదు. జార్ సైన్యం, దాన్ని కూలదోసిన విప్లవకారులు, ఇద్దరూ దానితోనే పోరాడారు. శీతాకాల యుద్ధంలో సోవియట్, ఫిన్లాండ్ సైనికులు ఒకే కుటుంబం రైఫిళ్లతో ఒకరినొకరు కాల్చుకున్నారు. మొత్తం 3 కోట్లకు పైగా తయారయ్యాయని అంచనా. అప్పటి తూటా నేటికీ చెలామణిలో ఉంది. మన సైన్యం ఏళ్లుగా వాడిన ద్రగునోవ్ స్నైపర్ రైఫిల్‌లో పేలేది అదే 7.62 తూటా. నిజమే, ఇది ప్రాణాలు తీసే వస్తువు. దాన్ని పొగడ్డం ఈ కథ ఉద్దేశం కాదు. డిజైనర్ పేరు లేకుండా ఒక డిజైన్ ఎంత దూరం వెళ్లగలదో చూపడమే.

పేరు కూడా చివరికి వచ్చింది. రష్యన్లు దాన్ని మోసిన్ రైఫిల్ అనే అంటారు. తులాలో ఆయన పేరిట వీధి ఉంది. పాశ్చాత్య దేశాలు మాత్రం మోసిన్ నాగాంట్ అనే పిలుస్తాయి. పబ్జీకి ఎక్కింది ఆ పేరే.

ఇంతకీ మన సంగతేంటి?

నా మొదటి ఉద్యోగంలో ఆర్నెల్లు కూర్చుని ఓ టూల్ రాశాను. రిలీజ్ మెయిల్‌లో నా పేరు లేదు. వారం రోజులు మనసు పాడైంది. తర్వాత ఆలోచిస్తే, డిజైన్ నాదని చెప్పే ఒక్క డాక్యుమెంటు కూడా నేను రాసిపెట్టుకోలేదు. మోసిన్ కథ చదివాకే ఆ తప్పు నాకు సరిగ్గా అర్థమైంది. ఆయనకి దారి లేదు. మనకి ఉంది.

ఆఫర్ లెటర్ వస్తే జీతం అంకె చూసి సంతకం పెట్టేస్తాం. మీరు చేసే పని మీద హక్కులు కంపెనీవే అనే క్లాజు అందులో ఉందేమో చదవండి. చాలా కంపెనీల్లో ఉంటుంది, అది తప్పేం కాదు. కానీ పేటెంట్ కంపెనీ పేరు మీద వెళ్లినా, ఆవిష్కర్తగా మీ పేరు అందులో రాయాలని కోరే వీలు మన 1970 పేటెంట్ చట్టం 28వ సెక్షన్ కల్పిస్తోంది. హక్కు వేరు, గుర్తింపు వేరు. మొదటిది ఇచ్చేసినా రెండోది వదులుకోనక్కర్లేదు. డిజైన్ నోట్స్‌కి తేదీ వేయండి. గిట్‌లో కమిట్లు మీ పేరుతోనే చేయండి. ప్రాజెక్టు రిపోర్టులో ఎవరు ఏం చేశారో విడిగా రాయండి. పక్కవాడి భాగం ఉంటే వాడి పేరూ రాయండి. మీకు జరగకూడదనుకున్నది మీ చేతుల మీదుగా మరొకరికి జరగకూడదు కదా.

ఈసారి ఆటలో ఆ రైఫిల్ దొరికితే బోల్టు లాగే ముందు ఒక్క క్షణం ఆ పేరు చూడండి. దాని మీద ఫ్యాక్టరీ ముద్రలు, సైన్యాల ముద్రలు, రిపేరు చేసినవాళ్ల ముద్రలు అన్నీ పడ్డాయి. చేసినవాడి ముద్ర మాత్రం ఉక్కు మీద లేదు. తెరుచుకున్న ప్రతిసారీ ఒక్క తూటానే పైకి పంపే ఆ చిన్న ముక్కలో ఉంది.